బొమ్మ ఒకరిది, హక్కు మరొకరిదా?

ఎర్ర తలపాగా, ఒత్తయిన తెల్లమీసం, చేతిలో కర్ర. ఇంత చెబితే చాలు, చాచా చౌధరిని గుర్తుపట్టనివారు ఉత్తరాదిన అరుదు. 1971లో ‘లోట్‌పోట్’ హిందీ పత్రిక కోసం చిత్రకారుడు ప్రాణ్ సృష్టించిన పాత్ర అది. ఆ పొట్టి ముసలాయన పక్కన గురుగ్రహవాసి సాబూ కొండలా నిలబడతాడు. ఇద్దరినీ నల్లసిరాతో పులిమి నీడలుగా చూపినా ఎవరెవరో తెలిసిపోతుంది. పాత్ర రూపకల్పనలో కీలకం ఇదే.

అటువంటి ఆకృతి ఒక్కసారిగా కుదరదు. కథ చదివిన స్వతంత్ర చిత్రకారులు ముందుగా బొటనవేలంత చిత్తుబొమ్మలు అనేకం గీస్తారు. వాటిలో ఒకదానిని ఎంచి, ముందు, పక్క, వెనుక భాగాలనూ, కోపంలో, నవ్వులో మారే ముఖాన్నీ ఒకే కాగితంపై నమూనాగా దించుతారు. పదో పుటలోని ముక్కు మొదటి పుటలోని ముక్కులాగే ఉండాలంటే అదే ఆధారం. రంగుల పని ఆ తర్వాతిది. నీటిరంగులైతే లేత పూతలు ముందు, ముదురువి చివర.

అసలు చిక్కు హక్కుల దగ్గర వస్తుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, సొమ్మిచ్చి వేయించుకున్న వర్ణచిత్రానికి, వేరే ఒప్పందం లేనట్లయితే, వేయించుకున్నవారే తొలి హక్కుదారులు. రేఖాచిత్రాన్ని ఆ నిబంధన పేర్కొనలేదు. పెన్సిల్ గీత ఒకరిది, దానిపై రంగు మరొకరిది అనే విచిత్ర వాదనకు ఇది తావిస్తుంది. రాతపూర్వకంగా హక్కు బదలాయించినప్పుడు గడువు రాయకపోతే 5 సంవత్సరాలు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని 19వ సెక్షన్ చెబుతున్నది.