మీకు తెలుసా? కువైట్‌లో అన్ని పనులకూ ఒకటే క్రియ: ‘సవ్వి’

రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి, కోనసీమ వైపు కువైట్ ప్రస్తావన రాని పెళ్లిచూపులు, కువైట్ డబ్బు పడని ఇంటి పునాదులు తక్కువ. కువైట్‌లో దాదాపు 10 లక్షల మంది భారతీయులు ఉంటే, అందులో మనవాళ్లు చాలామంది ఇళ్లలో వంట, పిల్లల పెంపకం, డ్రైవింగ్ పనుల్లో ఉన్నారు. వీళ్లలో ఎక్కువమంది అరబ్బీ బడిలో నేర్చుకోలేదు. విమానం దిగాక పని చేస్తూ, మాట వింటూ నేర్చుకున్నారు. అలా నేర్చుకున్నవాళ్ల చెవిన తొలి రోజుల్లోనే పడే మాట ‘సవ్వి’. చెయ్యి అని అర్థం. ఈ ఒక్క క్రియ చుట్టూ ఉన్న కొన్ని సంగతులు ఈసారి మీకోసం.

టీ నుంచి ఇస్త్రీ దాకా

వంటింట్లో ఉన్న అమ్మాయితో మామా, అంటే ఇంటి యజమానురాలు, ‘చాయ్ సవ్వి’ అంటే టీ పెట్టమని. ‘గదా సవ్వి’ అంటే మధ్యాహ్నం భోజనం తయారుచేయమని. ‘తన్దీఫ్ సవ్వి’ అంటే శుభ్రం చేయమని. మనం టీ పెడతాం, అన్నం వండుతాం, ఇల్లు తుడుస్తాం, బట్టలు ఉతుకుతాం. ఒక్కో పనికి ఒక్కో క్రియ. కానీ బయటి నుంచి వచ్చిన మాటలకు మనం కూడా ఒకటే క్రియ తగిలిస్తాం: ఫోన్ చెయ్, క్లీన్ చెయ్, ఐరన్ చెయ్, రీచార్జ్ చెయ్. అందుకే ‘సవ్వి’ తెలుగువాళ్లకు ఇట్టే పట్టుబడుతుంది. పని పేరు ఒకటి తెలిస్తే చాలు, పక్కన సవ్వి చేర్చి వాక్యం నడిపించేయవచ్చు.

ఇంట్లో ఒక అరబ్బీ, పనివాళ్లతో మరొక అరబ్బీ

అదే యజమానురాలు తన కూతురితో ‘తన్దీఫ్ సవ్వి’ అనదు, ‘నద్దిఫీ’ అంటుంది. శుభ్రం చేయడానికి అరబ్బీలో విడిగా క్రియ ఉంది మరి. పని పేరుకు సవ్వి తగిలించే పద్ధతి, గల్ఫ్‌కు వచ్చిన దక్షిణాసియా వాళ్లకూ స్థానికులకూ మధ్య పుట్టిన వ్యవహార భాషది. ఇలాంటి భాషలను భాషాశాస్త్రంలో పిడ్జిన్ అంటారు. గల్ఫ్‌లో పుట్టిన ఈ పిడ్జిన్ మీద జె.ఆర్. స్మార్ట్ అనే పరిశోధకుడు 1990లో తొలి నివేదిక ప్రచురించారు. ఆ తర్వాత దానిమీద చాలామందే పనిచేశారు. గల్ఫ్ బయట, లెబనాన్‌లో శ్రీలంక మహిళలకూ వాళ్ల యజమానురాళ్లకూ మధ్య నడిచే అరబ్బీ మీద ఫిదా బిజ్రీ అనే పరిశోధకురాలు 2010లో ఏకంగా ఒక పుస్తకమే తెచ్చారు. ఇళ్లలో పనిచేసేవాళ్లు మాట్లాడేది తప్పుల తడక కాదనీ, దానికీ తనదైన నియమాలు ఉన్నాయనీ ఈ పరిశోధనలు చెబుతున్నాయి.

దీని పాత అర్థం వేరు

గ్రాంథిక అరబ్బీలో ఈ క్రియకు చదును చేయడం, సరిచేయడం, సమం చేయడం అనే అర్థాలున్నాయి. సమానత్వానికి అరబ్బీలో వాడే ‘ముసావాత్’ అనే మాట కూడా ఈ ధాతువు నుంచే వచ్చింది. సరిచేయడం అనే అర్థం నుంచి తయారుచేయడం, దాని నుంచి ఏ పనైనా చేయడం దాకా గల్ఫ్ వాడుకలో అర్థం విస్తరించింది. ఇతర అరబ్ దేశాల్లో చాలాచోట్ల చేయడానికి వేరే క్రియలు ఎక్కువగా వినిపిస్తాయి. ఈజిప్టు డ్రైవర్ ‘అమల్’ అనే క్రియతో మాట్లాడతాడు. ఒకే ఇంట్లో ఇద్దరు అరబ్బులు ఒకే పనికి రెండు మాటలు వాడితే కంగారు పడనక్కర్లేదు.

ఎవరు చేశారన్నది చివరి అక్షరంలో ఉంది

ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క ఇది. పిడ్జిన్‌లో ‘ఆనా సవ్వి’ అంటే నేను చేశాను, చేస్తున్నాను, చేస్తాను అని మూడు అర్థాలూ రావచ్చు. అసలు కువైట్ అరబ్బీలో మాత్రం మన తెలుగులాగే క్రియ చివర మారుతుంది, కొన్నిచోట్ల ముందు కూడా మారుతుంది. ‘సవ్వేత్’ అంటే చేశాను. ‘సవ్వా’ అంటే చేశాడు. ‘సవ్వత్’ అంటే చేసింది. ‘సవ్వౌ’ అంటే చేశారు. ‘అసవ్వి’ అంటే చేస్తాను. ముందు ‘బ’ చేర్చి ‘బసవ్వి’ అంటే ఇకమీదట చేస్తాను, చేయబోతున్నాను.

హాల్లో ఖరీదైన గాజు గిన్నె పగిలిందనుకోండి. ఇంటి యజమాని వచ్చి ‘మిను సవ్వా చిదీ?’ అని అడుగుతాడు. ఇలా చేసింది ఎవరు అని. అప్పుడు కంగారులో ‘ఆనా సవ్వి’ అనేస్తే, నేను బాగుచేస్తాను అన్న ఉద్దేశం కాస్తా నేనే పగలగొట్టాను అని వినపడే ప్రమాదం ఉంది. ‘ఆనా మా సవ్వేత్’ అంటే నేను చేయలేదు అని సందేహానికి తావులేకుండా తెలుస్తుంది. చేసింది పిల్లాడైతే ‘సవ్వా’, పాప అయితే ‘సవ్వత్’. చేశాడు, చేసింది అని తేడా చూపించకుండా తెలుగులో మనకు ఒక్క పూట గడవదు. ఆ అలవాటునే అరబ్బీలోకి తీసుకెళ్తే సరిపోతుంది.

జరగడం వేరు, చేయడం వేరు

డ్రైవర్లు తప్పక గుర్తుపెట్టుకోవాల్సిన జంట ఇది. ‘సార్ హాదిస్’ అంటే యాక్సిడెంట్ అయింది. ‘సవ్వేత్ హాదిస్’ అంటే యాక్సిడెంట్ చేశాను. తెలుగులో అయింది, చేశాను అన్న మాటల మధ్య ఎంత దూరముందో అక్కడా అంతే ఉంది. రోడ్డు మీద పోలీసు అడిగినప్పుడు వెనక బండివాడు గుద్దినా సరే, తెలిసిన ఒక్క క్రియే నోటికొచ్చి ‘ఆనా సవ్వి హాదిస్’ అనడం తమ మీదకు తామే తెచ్చుకోవడం. అరబ్బీ ‘సార్’ను మన ‘సార్’ పిలుపుతో కలుపుకుని గుర్తుపెట్టుకున్నా పర్వాలేదు. సమయానికి గుర్తుకు రావడమే ముఖ్యం.

పేషెంటు కూడా ఆపరేషన్ ‘చేస్తుంది’

పక్కింటి మామా ‘సవ్వత్ అమలియ్యా’ అంటే ఆవిడ సర్జన్ అని కాదు, ఆపరేషన్ చేయించుకుందని. తెలుగులో చేయడం, చేయించడం, చేయించుకోవడం మూడూ విడివిడిగా ఉన్నాయి. కువైట్ వాడుకలో ఇక్కడ ‘చేసింది’తోనే సరిపెడతారు. ఇంకొకటి చూడండి: ‘సవ్వా నఫ్సా’ అంటే మాటకు మాట ‘తనను తాను చేసుకున్నాడు’ అని. భావం మాత్రం నటించాడు, వేషం వేశాడు అని. తెలిసీ తెలియనట్టు ఉండేవాడిని ఇలాగే అంటారు. ఏ దారీ తోచనప్పుడు ‘షిన్సవ్వి’ అని నిట్టూరుస్తారు. అది అచ్చంగా మన ‘ఏం చేస్తాం!’

నిలబడి చేస్తున్నా ‘కూర్చున్నట్టే’

పని ఇప్పుడు జరుగుతోంది అని చెప్పడానికి కువైటీలు ‘గాఇద్’ అనే మాట కలుపుతారు. ఆడవాళ్లు తమ గురించి చెప్పుకునేటప్పుడు ‘గాఇదా’. దాని అసలు అర్థం కూర్చుని ఉండటం. పొయ్యి ముందు గంటసేపు నిలబడి మచ్బూస్ (మాంసంతో వండే అన్నం) వండుతున్న మనిషి కూడా ‘గాఇదా అసవ్వి మచ్బూస్’ అనే చెప్పాలి. నడుస్తున్నాను అనడానికీ ఇదే ‘గాఇద్’ వాడతారు. ‘ఏం చేస్తున్నావు?’ అని అడగడం కూడా మగవాళ్లను ‘షిత్సవ్వి?’ అని, ఆడవాళ్లను ‘షిత్సవ్వీన్?’ అని. ఫోన్లో బంధువులు పలకరించే ‘ఏం చేస్తన్నావ్?’ లాంటిదే ఇది.

ఫోన్‌ను మూడు భాషలూ కొడతాయి

‘సాయంత్రం ఒక కాల్ కొట్టు’ అని మన కుర్రాళ్లు అంటారు. కువైట్ కుర్రాళ్లు ‘దిగ్ అలయ్’ అంటారు. ఆ క్రియకు కొట్టడం, తలుపు తట్టడం, దంచడం అని అర్థాలు. చైనీయులు ఫోన్ చేయడానికి వాడే ‘దా’ అనే క్రియకూ మొదటి అర్థం కొట్టడమే. చైనీస్‌తో పోలిక అక్కడితో ఆగదు. ఇంగ్లిష్ నేర్చుకునే చైనా విద్యార్థులను బాగా తికమకపెట్టే జంట ‘డూ’, ‘మేక్’. చైనీస్‌లో ‘జ్వో’ అనే ఒక్క క్రియ వంటకూ, హోంవర్కుకూ, నిర్ణయానికీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో హోంవర్కును ‘డూ’ చేయాలి, నిర్ణయాన్ని ‘మేక్’ చేయాలి. తెలుగు విద్యార్థికీ ఇదే తంటా, ఎందుకంటే మన ‘చేయు’ రెండింటినీ తనలో ఇముడ్చుకుంది. కువైట్ ‘సవ్వి’ కూడా అంతే. ఈ ఒక్క విషయంలో తెలుగు, కువైట్ అరబ్బీ, చైనీస్ ఒక జట్టు.

‘శకర్ మాకూ’ అంటే మాకు కూడా చక్కెర కావాలని కాదు

కువైటీలు తమలో తాము లేదు అనడానికి ‘మాకూ’ అంటారు. ఇరాక్‌లోనూ ఈ మాట ఉంది. ‘శకర్ మాకూ’ అంటే చక్కెర లేదు అని. కొత్తగా వెళ్లిన తెలుగువాళ్లకు అది అచ్చ తెలుగులా వినిపించి మనసులో మరో అర్థం మెదులుతుంది. పనివాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం కువైటీలు గల్ఫ్ అంతటా చెల్లే ‘మాఫీ’కి మారతారు. ‘మాఫీ సవ్వి’ అంటే చేయవద్దు అనీ కావచ్చు, చేయలేదు అనీ కావచ్చు. రుణమాఫీలోని మాఫీతో దీనికి సంబంధం లేదు.

మన మాటలు ముందే అక్కడికి వెళ్లాయి

చమురు దొరక్కముందు కువైట్ ఓడలు ఖర్జూరం తీసుకుని బొంబాయికీ, మలబారు తీరానికీ వచ్చేవి. తిరిగి వెళ్తూ ఓడలు కట్టడానికి టేకు కలప తీసుకెళ్లేవి. కువైట్ 1961లో సొంత దీనారు తెచ్చుకునేదాకా అక్కడ చెల్లింది రూపాయే. అందుకే ఫ్యానుకు ‘బాంకా’, పొయ్యికి ‘చూలా’, ఊరగాయకు ‘అచార్’, తిన్నగా వెళ్లమనడానికి ‘సీదా’ కువైట్ మాటల్లో కలిసిపోయాయి. హిందీ కొద్దిగా వచ్చినా కువైట్ ఇంట్లో కొన్ని వస్తువుల పేర్లు ముందే పరిచయం.

హక్కు అడగాలన్నా క్రియ రావాలి

ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం తెచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. ఏడాదికి జీతంతో కూడిన 30 రోజుల సెలవు ఉంది. పనిచేసేవాళ్లు ఒప్పుకోకుండా వాళ్ల పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదు. ఇవి కాగితం మీద ఉన్నాయి. వాటిని అడగాల్సిన మనిషికి మాత్రం తెలిసింది ఆజ్ఞ ఒక్కటే: సవ్వి. చెయ్యి అన్న మాట వినడం వచ్చి, చేశాను, చేయలేను అని చెప్పడం రాకపోతే ఆ మనిషి తన కష్టాన్ని తన నోటితో చెప్పుకోలేదు. ఫిర్యాదు ఇచ్చేచోట దుబాసీ ఏది చెబితే అదే ఆమె మాట అవుతుంది.

కాబట్టి వీసా చేతికి వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ఎయిర్‌పోర్టు దాకా సాగనంపే ముందు ఈ నాలుగు వాక్యాలు నేర్పించండి. ‘సవ్వేత్’: చేశాను. ‘ఆనా మా సవ్వేత్’: నేను చేయలేదు. ‘ష్లోన్ అసవ్వి?’: ఎలా చేయాలి? ‘మా అగ్దర్ అసవ్వి’: చేయలేను. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ప్రయాణానికి ముందు ఇచ్చే ఒక రోజు శిక్షణలో గంటసేపు వీటికి కేటాయించడం పెద్ద ఖర్చేమీ కాదు. అక్కడ ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చిన ఆడవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. కొత్తగా వెళ్లేవాళ్లకు ఇంతకన్నా మంచి అరబ్బీ టీచర్లు ఎక్కడా దొరకరు. వాళ్లను పిలవండి, కూర్చోబెట్టి నేర్పించమనండి, ఆ పాఠానికి వాళ్లకు జీతం కూడా ఇవ్వండి.