నాట్యశిక్షణకు పాటను నెమ్మదిపరచుట



మా కమలాపురము వంటి యూళ్లలో నాట్యము నేర్పువారికి వాద్యబృందము సమకూడుట దుర్లభము. పాడువారు, మృదంగము వాయించువారు, నట్టువాంగము చేయువారు నిత్యము పాఠమునకు రావలెనన్న ఏ తలిదండ్రులు ఆ వ్యయమును భరింపగలరు? కావున చేతి ఫోనులోని పాటయే పిల్లలకు బృందమైనది. ఆ పాట ప్రదర్శనకై పాడినది. నేర్చుకొను పిల్లల కాళ్లకందని వేగమున సాగును. దానిని నెమ్మదిపరచుట యెట్లు, అప్పుడు దేనిని కాపాడుకొనవలెను అనునదియే నేటి ప్రసంగ విషయము.

ఈ చిక్కు మన పెద్దలెరుగనిది కాదు. చెక్కభజన నేర్పు గురువు మొదట అడుగును నోట చెప్పి, నిదానముగా వేయించి, పిమ్మట పాట నెత్తుకొనును. కూచిపూడి సంప్రదాయమునను అడుగులను మూడు కాలములలో అభ్యసింతురు. ఇందొక మర్మము గలదు. తాళము ఒకే తీరున నడచుచుండ, మొదటి కాలమున అక్షరమున కొకటియు, రెండవ కాలమున రెండును, మూడవ కాలమున నాలుగును అడుగులు పడును. మారునది అడుగే, తాళము నిలుకడగా నుండును. యంత్రమో, తాళమునే సాగదీయును. ఈ భేదమును మరువరాదు.

గ్రామఫోను విన్నవారికి జ్ఞాపకముండును: కీ అయిపోవుకొలది పాట మూలుగుచు, ఆడుగొంతు మగగొంతగుచుండెడిది. ధ్వని యనగా గాలిలోని కంపనము. షడ్జము సెకనుకు 240 కంపనము లనుకొందము. పళ్లెము ముప్పాతిక వేగమున తిరిగినచో అవి 180 అగును. షడ్జము మంద్ర పంచమమునకు దిగును. సగము వేగమున 120 అయి, మంద్ర షడ్జమగును. అట్టి పాటకు అడుగు వేయవచ్చును గాని, పిల్ల తన నోట పాడుకొనుటకు శ్రుతి కుదురదు.

శ్రుతి చెడకుండ కాలమును తగ్గించుట కంప్యూటరు వలన సులభమైనది. 1966లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లానగన్, గోల్డెన్ అను శాస్త్రజ్ఞులు అట్టి విధాన మొకదానిని ప్రకటించిరి. నేడు వాడుకలోనున్న మరియొక పద్ధతి యిది: పాటను కనురెప్పపాటుకన్న చిన్నవైన తునుకలుగా కోసి, వానిని కొంచెము ఎడముగా పేర్చి, అంచుల నొకదానిపై నొకటి కప్పి అతుకుదురు. తునుకలోని కంపనము మారదు. మొత్తము నిడివి పెరుగును. ఉచితముగా లభించు ఆడాసిటీ అను సాధనమున స్పీడు, టెంపో అని రెండు వేర్వేరు మార్పులు గలవు. స్పీడు తగ్గించిన శ్రుతియు దిగును; టెంపో తగ్గించిన కాలమే తగ్గును. మనకు కావలసినది టెంపో.

దీనికిని హద్దు గలదు. గాత్రము, వేణువు సాగుటకు ఓర్చును. మృదంగపు దెబ్బ, గజ్జెల మోత ఓర్వవు. మిక్కిలి సాగదీసిన దెబ్బ చెదరి, జంటదెబ్బవలె వినబడును. నేను ముప్పాతికకు దిగువ పోను. 4 నిమిషముల పాట అప్పుడు 5 నిమిషముల 20 సెకనులగును. సాహిత్యమును స్పష్టముగా వినబడుటచే అభినయమునకు మేలగును. పిల్లలు నిలదొక్కుకొనిన పిదప నూటికి 85, ఆపై 95, తుదకు పూర్తి వేగము.

కోత విషయమునను జాగ్రత్త వలయును. ఆదితాళమునకు ఆవర్తమున 8 అక్షరములు. తీసివేయు భాగము పూర్తి ఆవర్తములై యుండవలెను. మాట ముగిసినచోట గాక, తాళము ముగిసినచోట కోయవలెను. ఏలనన ఎత్తుగడ సమమునకు తరువాత నుండు పాటలు పెక్కులు గలవు. ఒక్క అక్షరము తప్పినను తీర్మానము సమమున పడదు. పిల్ల తన కాలిదే తప్పనుకొని కలతపడును. పాటకు ముందొక ఆవర్తము వట్టి తాళపు చప్పుడు చేర్చుట మంచిది.

ఇక పెద్దలకు నా విన్నపము. పిల్ల తడబడినప్పుడు గురువు ఆగి మరల ఎత్తుకొనును. యంత్రము తన దారిని తాను పోవును. దానితోనే నేర్చిన పిల్ల, అది లేనినాడు నిలిచిపోవును. కావున వారమున కొకనాడైనను ఫోనును కట్టిపెట్టి, నోటి సొల్లుతో, చేతి తాళముతో మూడు కాలములును వేయింపవలెను. అందుకు భజనగురువు కూచిపూడి నెరుగనక్కరలేదు. తాళము తప్పనివాడైన చాలును. అట్టివాని నొకనిని సాయంకాలము గంటసేపు ఆ పిల్లల యెదుట కూర్చుండబెట్టుట మీ చేతిలోని పని.