భూగోళశాస్త్రమున ప్రత్యక్షవాదము – సికింద్రాబాదు దృష్టాంతము

పాజిటివిజమును మనము ప్రత్యక్షవాదమని వ్యవహరించుచున్నాము. పేరును బట్టి దీనిని చార్వాకమతముతో కలుపరాదు. చార్వాకులు ప్రత్యక్షమునే ప్రమాణముగా గ్రహించి అనుమానమును నిరాకరించిరి. ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్తు కోంతు అట్లు గాక, ఇంద్రియగోచర విషయములను పరిశీలించి సామాన్య సూత్రములను రాబట్టుటయే శాస్త్రమనెను. మూలకారణములను వెదకుట వ్యర్థమనెను.

భూగోళశాస్త్రమున ఈ దృష్టి ఆలస్యముగా బలపడినది. 1939లో హార్ట్‌షోర్న్ ప్రాంతముల విశిష్టతకు ప్రాధాన్యమిచ్చెను. 1953లో షేఫర్ ఆ మతమును ఖండించి, స్థలవిన్యాసమునకును నియమములు కలవని వాదించెను. క్రిస్టాలర్ 1933లో దక్షిణ జర్మనీ పట్టణములను గూర్చి చేసిన ప్రతిపాదనము అట్టి నియమమునకు ప్రసిద్ధోదాహరణము. జనులు సమీపమందలి అంగడికే పోవుదురు గనుక, సమతల ప్రదేశమున పెద్ద పట్టణములు దూరదూరముగను, చిన్నవి దగ్గరదగ్గరగను ఏర్పడునని దాని సారము.

ఈ సూత్రముతో సికింద్రాబాదును పరిశీలింతము. హైదరాబాదు వంటి మహానగరమునకు కొలది మైళ్ళలోనే మరియొక పెద్ద పట్టణమేల వెలసెను? 1798 నాటి సంధి ననుసరించి నిజాము రాజ్యమున నిలిచిన ఆంగ్లసైన్యము హుస్సేన్‌సాగరమునకు ఉత్తరమున విడిసినది. 1806లో ఆ దండుకు నిజాము సికందర్ జా పేరు వచ్చినది. దండు వెంట బజారు వచ్చినది. 1874లో రైలు వచ్చినది. ఇచట దూరమును నిర్ణయించినది కొనుగోలుదారుల సౌకర్యము కాదు, రాజ్యాధికారము.

సైన్యమును కూడ ఒక కారకముగా చేర్చి సూత్రమును సవరింపవచ్చునని ప్రత్యక్షవాది బదులు చెప్పును. ఇది త్రోసిపుచ్చదగిన సమాధానము కాదు. కాని సంధి సూత్రమున ఒక అంకెగా మారినంతనే, దానిని చేసినదెవరు, లాభపడినదెవరు అను ప్రశ్న మరుగుపడును. డేవిడ్ హార్వే 1969లో శాస్త్రీయ వివరణ పద్ధతిని సమర్థించుచు గ్రంథము వ్రాసెను. అతడే 1973 నాటికి నగరమందలి సామాజిక న్యాయమును విచారింప పూనెను.

యీఫూ తువాన్ విమర్శ మరియొక తెరగు. వట్టి స్థలము వేరు, అనుభవముచే అర్థవంతమైన తావు వేరని ఆతని మతము. ఉజ్జయినీ మహంకాళి ఆలయము పటముపై ఒక చుక్క. జాతరకు వచ్చు జనమును లెక్కింపవచ్చును. కాని ఆంగ్లసైన్యము తొలగిన పిమ్మటను ప్రజలు ఆ పండుగను లష్కరు బోనాలనియే పిలుచుటలోని స్మృతి లెక్కకందదు.

లెక్కను విడువవలెనని మా అభిప్రాయము కాదు. ఎంత దూరము, ఎందరు అను ప్రశ్నలకు సరియైన సమాధానము లేనిదే విమర్శ నిరాధారమగును. అయితే సంతను గాని, రహదారిని గాని ఎచట నెలకొల్పవలెనో సూత్రమే నిర్ణయించినదన్నచో, నిర్ణేత బాధ్యతనుండి తప్పుకొనును. కావుననే పరిశోధకుడు తన పటమందలి ప్రతి రేఖకును కర్త యెవరని అడుగవలెను.