అటక మీది కంప్యూటరుకు ఇంటర్నెట్ యోగం

పాత పెట్టె తూకానికి పోకముందే అందులోని రాతలు గట్టెక్కించే మార్గం

శంషాబాద్: తల మీదుగా విమానం పోతే తలెత్తి చూసే రోజులు శంషాబాద్‌లో ఎప్పుడో పోయాయి. 2008 మార్చి 23న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో రాకపోకలు మొదలైంది లగాయతు ఆ చప్పుడు ఊరికి అలవాటైపోయింది. దాదాపు ఐదున్నర వేల ఎకరాల్లో వెలసిన ఈ విమానాశ్రయం రాకతో చుట్టుపక్కల పాత ఇళ్లు పోయి కొత్త అంతస్తులు లేచాయి. ఇల్లు మారాలంటే అటక ఖాళీ చేయక తప్పదు. ఇత్తడి బిందెలు, కాలు విరిగిన కుర్చీ, పెళ్లి ఫొటోల ట్రంకు పెట్టె, వీటి వెనక ఒక్కోసారి పాత కంప్యూటరు కూడా బయటపడుతుంది. తెల్లరంగు పసుపుబారి, మీటల సందుల్లో దుమ్ము పేరుకున్న ఆ యంత్రానికి పాత సామాను బండివాడు కట్టేది తూకం ధర మాత్రమే.

బండి ఎక్కించే ముందు ఒక్క నిమిషం ఆలోచించడం మంచిది. 1980లలో, 90లలో కొన్న కంప్యూటర్లలో దుకాణం పద్దులు, కౌలు లెక్కలు, పరదేశంలోని కొడుక్కి రాసిన ఉత్తరాలు, అచ్చుకు నోచుకోని కథలు ఉండిపోయి ఉండవచ్చు. వాటికి మరో నకలు ఉంటుందన్న నమ్మకం లేదు. ఫ్లాపీ దూర్చే చోటు ఈనాటి కంప్యూటర్లకు లేదు. ఆనాటి హార్డ్ డిస్కు తీగ ఈనాటి యంత్రానికి తగలదు. మరి ఆ రాతలను బయటికి తెచ్చేదెలా? ఆ పాత కంప్యూటరునే ఇంట్లోని ఇంటర్నెట్‌కు కలిపేయడం ఒక మార్గం. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇది జరిగే పనే. అందుకు కావలసిన సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతోంది కూడా.

ఈడూ జోడూ

ఇంటర్నెట్ నిన్నమొన్నటిదనీ, పాత కంప్యూటరు తాతల కాలం నాటిదనీ చాలామంది అభిప్రాయం. నిజానికి రెండూ ఒక ఈడువే. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిని వింట్ సర్ఫ్, బాబ్ కాన్ అనే అమెరికన్ ఇంజనీర్లు 1974లో ప్రకటించారు. అందులోని ఐపీ అనే భాగానికి 1981 సెప్టెంబరులో స్థిరరూపం వచ్చింది. 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కు మాతృక అయిన ఆర్పానెట్ ఆ పద్ధతికి మారింది. ఇక ఇంటింటి కంప్యూటర్లకు ఒరవడి దిద్దిన ఐబీఎం పీసీ విడుదలైంది 1981 ఆగస్టులో. అంటే రెంటికీ నెల రోజులే తేడా! ఆనాటి నాలుగో విడత ఐపీ నేటికీ ఇళ్లల్లోని రూటర్లలో నడుస్తూనే ఉంది. భాష మారలేదు కనుకనే పాత యంత్రం మాట కొత్త యంత్రానికి అర్థమవుతోంది.

కంప్యూటర్లతో హైదరాబాద్‌కు ఉన్న చుట్టరికమూ తక్కువది కాదు. 1967లో ఇక్కడ నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఈసీఐఎల్, టీడీసీ వరుస కంప్యూటర్లను తయారుచేసి దేశానికి అందించింది. అయితే అవి కార్యాలయాలకు, పరిశోధనశాలలకు ఉద్దేశించినవి. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం చేపట్టి బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. బ్రిటన్‌లో పుట్టిన స్పెక్ట్రమ్ కంప్యూటరు ‘డీబీ స్పెక్ట్రమ్’ పేరిట లైసెన్సు మీద మన దేశంలో అమ్ముడయింది. ఆ తర్వాతి కాలం ఐబీఎం నమూనా పీసీలదే. కాగా, దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. విదేశ్ సంచార్ నిగమ్ బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాల్లో దాన్ని ప్రారంభించింది. అప్పటికే కొని పెట్టుకున్న పీసీలు చాలావరకు ఆ ముఖం చూడకుండానే అటకెక్కాయి.

మీట నొక్కేముందు

ఏళ్ల తరబడి మూలపడిన యంత్రాన్ని తీసీ తీయగానే ప్లగ్గు పెట్టడం ప్రమాదం. ముందుగా మూత విప్పి దుమ్ము దులపాలి. 286, 386 తరగతి కంప్యూటర్లలో మదర్‌బోర్డుకు అతికించిన చిన్న పీపా ఆకారపు బ్యాటరీ ఉంటుంది. అది కారితే పచ్చటి చిలుము పట్టి రాగి గీతలను తినేస్తుంది. పాత కంప్యూటర్లు చచ్చేది ఎక్కువగా ఈ చీడ వల్లనే. కనుక దాన్ని వెంటనే తీసివేయాలి. విద్యుత్తు సరఫరా చేసే డబ్బాను విడిగా పరీక్షించి, 5 వోల్టులు, 12 వోల్టులు సరిగా వస్తున్నాయని మెకానిక్ చెప్పాకే బోర్డుకు కలపాలి.

తర్వాత కావలసింది నెట్‌వర్కు కార్డు. ఎన్ఈ2000 రకానికి సరిపడే పాత ఐఎస్ఏ కార్డులు ఇందుకు ప్రసిద్ధి. కొనేటప్పుడు రెండు సంగతులు చూసుకోవాలి. టీవీ కేబుల్‌ను పోలిన గుండ్రటి తీగ తగిలే కార్డు నేటి రూటర్‌కు పనికిరాదు; టెలిఫోను సాకెట్టును పోలిన చదరపు రంధ్రం ఉన్నదే కావాలి. రెండోది, ఎక్స్‌టీ తరగతి కంప్యూటర్లలో ఉండేవి పొట్టి స్లాట్లు. 8 బిట్ల స్లాటులో పనిచేసే కార్డునే అడగాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, కోఠీలోని గుజరాతీ గల్లీ ఇటువంటి వేటకు మొదట వెళ్లవలసిన చోట్లు. అక్కడ దొరక్కపోతే అమెరికా నుంచి శంషాబాద్‌లో దిగే బంధువుల పెట్టెలో ఓ మూల చాలు. కార్డు అరచేతి వెడల్పుకు కాస్త ఎక్కువ.

అసలు చిక్కు ఇక్కడే

కార్డు దిగ్గొట్టగానే పని అయిపోదు. యంత్రంలోని ప్రతి పరికరానికీ పిలుపు గంట ఒకటి, ఇంటి నంబరు ఒకటి ఉంటాయి. పిలుపు గంటను ఐఆర్‌క్యూ అంటారు. ఒకే గంటను ఇద్దరు మోగిస్తే కంప్యూటరు కొయ్యబారిపోతుంది. కార్డుల మీద తరచుగా కనిపించే 3, 5 నంబర్లలో మూడోది రెండో సీరియల్ పోర్టుది. ఎక్స్‌టీలో ఐదో నంబరును హార్డ్ డిస్కు వాడుకుంటుంది. కనుక ఎక్స్‌టీ అయితే రెండో సీరియల్ పోర్టును ఆపి, మూడో నంబరును కార్డుకు కేటాయించడం తెలివైన పని. ఇంటి నంబరుగా పదహారు ఆధారిత లెక్కలో 300 చాలామటుకు ఖాళీగానే ఉంటుంది. కార్డు మీది బుల్లి జంపర్లను మార్చి వీటిని అమర్చాలి.

ఇక సాఫ్ట్‌వేరు. మొదటిది ప్యాకెట్ డ్రైవరు. కార్డుకూ పై ప్రోగ్రాములకూ మధ్య దుబాసీ ఇదే. రస్సెల్ నెల్సన్ నడిపిన క్రిన్వర్ సేకరణలో రకరకాల కార్డుల డ్రైవర్లు ఉచితంగా దొరుకుతాయి. డ్రైవరు పేరు కొట్టి, దాని పక్కన సాఫ్ట్‌వేరు ఇంటరప్టు 60, ఐఆర్‌క్యూ 3, చిరునామా 300 అని వరుసగా ఇస్తే, కార్డు మీది సొంత నంబరు తెర మీద కనిపిస్తుంది. కనిపించిందా, సగం గెలిచినట్టే.

రెండోది ఎంటీసీపీ. మైఖేల్ బ్రట్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు డాస్ కంప్యూటర్ల కోసం రాసి, 2011లో మూలపాఠం సహా అందరికీ ఇచ్చేసిన కట్ట ఇది. 4.77 మెగాహెర్ట్‌జ్ వేగంతో నడిచే మొదటి తరం పీసీలో సైతం పనిచేస్తుంది. దీన్ని ఒక డైరెక్టరీలో పెట్టి, టీసీపీ.సీఎఫ్‌జీ అనే చిన్న పాఠ ఫైలు రాసుకోవాలి. అందులో ముఖ్యంగా ఉండవలసినవి రెండే పంక్తులు: ప్యాకెట్ ఇంటరప్టు 60 అని, కంప్యూటరుకు మనం పెట్టుకున్న పేరు. ఆ ఫైలు ఎక్కడుందో చెప్పే ‘సెట్ ఎంటీసీపీసీఎఫ్‌జీ’ పంక్తిని ఆటోఎగ్జెక్ బ్యాచ్ ఫైలులో చేర్చాలి. ఆ మీదట డీహెచ్‌సీపీ ప్రోగ్రామును నడిపితే, రూటరును అడిగి చిరునామా తెచ్చుకుని, అదే ఫైలులో తానే రాసుకుంటుంది. పింగ్ ఇచ్చి జవాబు వస్తే యంత్రం ఇంటర్నెట్ గడప దాటినట్టే లెక్క.

ఇంతకీ ఈ సాఫ్ట్‌వేరును పాత యంత్రంలోకి ఎక్కించేదెలా? తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టే ఉంటుంది పరిస్థితి. మూడున్నర అంగుళాల ఫ్లాపీ ఉన్న పెట్టెలకు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు సాయపడుతుంది. ఐదుంపావు అంగుళాలదైతే సీరియల్ తీగే శరణ్యం. ఫ్లాపీ నడిచేటప్పుడు నెట్‌వర్కు దేనికన్న ప్రశ్న రావచ్చు. 20 మెగాబైట్ల హార్డ్ డిస్కును 360 కిలోబైట్ల ఫ్లాపీల్లోకి ఎత్తాలంటే 55కు పైగా కావాలి. అన్నేళ్ల తర్వాత అన్ని ఫ్లాపీలు చెడకుండా దొరకడం కల్ల. ఎంటీసీపీలోని ఎఫ్‌టీపీ సర్వరును నడిపితే, కొత్త కంప్యూటరు నుంచే పాత డిస్కులోకి తొంగిచూసి అన్నిటినీ లాగేసుకోవచ్చు.

గడియారానికీ ప్రాణం

మొదటి తరం పీసీల్లో చాలావాటికి కరెంటు పోయినా నడిచే గడియారం లేదు. మీట నొక్కిన ప్రతిసారీ తేదీ ఎంత, వేళ ఎంత అని అడుగుతాయి. ఎంటీసీపీలోని ఎస్ఎన్‌టీపీ ప్రోగ్రాము ఆ బాధ తప్పించి, ఇంటర్నెట్ నుంచి వేళ తెచ్చుకుంటుంది. అయితే భారత కాలాన్ని నమోదు చేసేటప్పుడు ఐదున్నర ముందు తీసివేత గుర్తు పెట్టాలి, కూడిక కాదు. ఈ చిన్న మెలిక తెలియక పదకొండు గంటల తేడా చూసి తలపట్టుకునేవారున్నారు.

పీసీ కాని కంప్యూటర్లకూ దారులున్నాయి. 64 కిలోబైట్ల కమడోర్ 64 మీద ఇంటర్నెట్ బ్రౌజరు నడిపించే కాంటికీ వ్యవస్థను స్వీడన్‌కు చెందిన ఆడమ్ డంకెల్స్ 2003లో విడుదల చేశారు. ఈఎస్‌పీ8266 అనే చవక చిప్పుతో చేసిన పరికరం సీరియల్ పోర్టుకు తగిలిస్తే, పాత కంప్యూటరు దాన్ని మోడెమ్ అనే భ్రమిస్తుంది. అది ఫోను తిప్పుతున్నాననుకుంటుంది. అవతల పలికేది వైఫై!

చేయలేనివీ ఉన్నాయి

ఇంత చేసినా నేటి బ్యాంకు పుటలు, సినిమాలు పాత తెర మీద కనిపిస్తాయని ఆశపడరాదు. ఇప్పటి ఇంటర్నెట్ పుటలు చాలావరకు గూఢలిపిలో నడుస్తాయి. ఆ లెక్కలు చేసే సత్తువ 8088 చిప్పుకు లేదు. ఎఫ్‌టీపీలో రహస్యపదం సైతం దాపరికం లేకుండా పోతుంది గనుక ఆ పని ఇంటి రూటరు లోపలే ముగించుకోవాలి. బయటికి తలుపు తీయరాదు.

తెలుగు రాతల విషయంలో మరో మెట్టు ఉంది. ఆనాడు డాస్‌లో తెలుగు కనిపించడానికి సీడాక్ వారి జిస్ట్ కార్డు వంటివి వాడేవారు. 1991 నాటి ఇస్కీ ప్రమాణం ఒక తీరు, ఒక్కో కంపెనీ ఫాంటు మరో తీరు. ఆ ఫైళ్లను నేరుగా తెరిస్తే పిచ్చిగీతలే కనిపిస్తాయి. చెడిపోయాయని చెరిపేయరాదు, యూనికోడ్‌కు మార్చుకుంటే అక్షరాలు మళ్లీ పలుకుతాయి. ముందు నకలు తీయడం ప్రధానం, చదవడం తర్వాతైనా ఫరవాలేదు.

పాతది అయినంత మాత్రాన పనికిరానిది కాదనడానికి శంషాబాద్ వాసులు దూరం పోనక్కర లేదు. విమాన సంస్థలు 1949లో కలిసి పెట్టుకున్న సీటా నెట్‌వర్కు టెలిప్రింటర్ల కాలంలో సందేశాలకు పెట్టిన మూస విమానయానంలో నేటికీ చెల్లుతోంది. ప్రయాణికుడి పెట్టె ఏ విమానం ఎక్కాలో చెప్పే కబురుకు ఆ మూసే ఆధారం.

కంప్యూటరు నిజంగా ప్రాణం విడిస్తే దాన్ని పారేసేందుకూ పద్ధతి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అది నమోదైన రీసైక్లింగ్ సంస్థకు చేరాలి. తీగలు కాల్చి రాగి తీసేవారి చేతికి కాదు. అంతకుముందు ఒక ఆదివారం దానికి కేటాయిస్తే, నాన్నగారి పద్దో, అమ్మ చెప్పి రాయించిన ఉత్తరమో చేతికి దక్కవచ్చు. బండివాడు మరో వారం ఆగినా నష్టం లేదు. కారుతున్న బ్యాటరీ మాత్రం ఆగదు.