తొలి పక్షంలోనే తరగతి గాడిన పడాలి

వేసవి సెలవులు ముగిసి జూన్ రెండో వారంలో బడిగంట మోగగానే కొత్త ఉపాధ్యాయునికి ఎదురయ్యే మొదటి ప్రశ్న పాఠానికి సంబంధించినది కాదు. పిల్లలు తన మాట వింటారా, లేదా అన్నదే. డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి చదివిన బోధన పద్ధతులు, విద్యా మనోవిజ్ఞానం పరీక్షలో మార్కులు తెచ్చిపెడతాయి. ఒకే గదిలో మూడు తరగతుల పిల్లలు ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెడితే ఏం చేయాలో అవి చెప్పవు. ఈ అయోమయంలోనే చాలామంది చేతికి బెత్తం వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వెలువడగా, ఎంపికైనవారికి అదే ఏడాది సెప్టెంబరులో నియామక పత్రాలు అందాయి. తెలంగాణలో 2024 డీఎస్సీ అభ్యర్థులకు ఆ ఏడాది అక్టోబరులో అందాయి. అంటే వీరంతా విద్యాసంవత్సరం నడిమధ్యలో, మరొకరు అప్పటికే నడిపిస్తున్న బడిలోకి అడుగుపెట్టినవారే. హాజరుపట్టీ మొదటి పేజీ నుంచి తామే రాసుకొనే జూన్ మాసం వేరు. ఆ తొలి రెండు వారాల్లో పిల్లలకు అలవడిన పద్ధతే ఏప్రిల్ వరకూ సాగుతుంది. మంచిదైనా అంతే, చెడ్డదైనా అంతే.

ఇద్దరు ఉపాధ్యాయులు.. ఐదు తరగతులు

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉంటారు. తరగతులు మాత్రం ఐదు. కాబట్టి ఒకరే రెండు మూడు తరగతులను ఒకేసారి చూసుకోవలసి రావడం అనుకోని ఇబ్బంది కాదు, చట్టం లెక్కలోనే ఉన్న వాస్తవం. శిక్షణ కళాశాలల్లో నేర్పే ‘ఒక గది, ఒక తరగతి, ఒక పాఠం’ నమూనా పల్లె బడిలో, తండా బడిలో అరుదుగానే కనిపిస్తుంది.

ఇటువంటి బడిలో గోల ఎక్కడ పుడుతుందో గమనిస్తే సగం సమస్య తేటతెల్లమవుతుంది. మూడో తరగతికి తీసివేతలు చెబుతున్నంతసేపూ ఒకటో తరగతి పిల్లలు పలక మీద ‘అ’ రాస్తారు, చెరుపుతారు, మళ్లీ రాస్తారు. ఆపై చేసేందుకు ఏమీ లేక పక్కవాడి బలపం లాక్కుంటారు. దీన్ని అల్లరి అనడం కంటే పనిలేమి అనడం సబబు. ఆరేళ్ల బిడ్డను అరగంట సేపు ఊరికే కూర్చోమనడం పెద్దలకు కూడా సాధ్యం కాని పనిని చిన్నవారిపై మోపడమే.

దీనికి ఒక పరిష్కారం మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీలో దశాబ్దాల క్రితమే రూపుదిద్దుకుంది. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో వై.ఎ.పద్మనాభరావు, రామ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం అట్టల మీద అభ్యాసాలు తయారుచేశారు. పాఠ్యాంశాలను చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి ‘నిచ్చెన’ రూపంలో గోడకు తగిలించారు. తాను ఏ మెట్టు మీద ఉన్నదీ పిల్లవాడే చూసుకుంటాడు, ఆ గుర్తున్న అట్టను తానే తీసుకుంటాడు. వయసును బట్టి కాక చేసే పనిని బట్టి జట్లుగా కూర్చుంటారు. ఒక జట్టుకు ఉపాధ్యాయుని సాయం పూర్తిగా కావాలి. మరో జట్టుకు కొంత చాలు. ఇంకో జట్టు ఒకరికొకరు నేర్పుకుంటారు. 2000 దశకంలో తమిళనాడు ప్రభుత్వం చెన్నై నగరపాలక సంస్థ బడుల్లో ప్రారంభించి రాష్ట్రమంతటా విస్తరించిన కృత్యాధార బోధనకు ప్రేరణ ఇదే.

ఆ అట్టలన్నీ కొత్త ఉపాధ్యాయుని వద్ద ఉండకపోవచ్చు. సూత్రం మాత్రం ఎవరికైనా అందుబాటులో ఉన్నదే. బడికి బయలుదేరే ముందే ప్రతి తరగతికీ మూడు పనులు సిద్ధం చేసుకోవాలి. ఒకటి తన ఎదుట చేసేది, ఒకటి ఇద్దరిద్దరుగా చేసేది, ఒకటి ఎవరికివారు చేసుకొనేది. గుప్పెడు చింతపిక్కలను పదేసి కుప్పలుగా పెట్టి లెక్కించడం ఒకటో తరగతికి ఇరవై నిమిషాల పని. నాలుగో తరగతి బాలిక రెండో తరగతి పిల్లల చేత వాచకం చదివిస్తే ఇద్దరికీ చదువు వస్తుంది. పాఠ్య ప్రణాళికలో ‘మిగతా తరగతులు’ అన్న గడి ఖాళీగా ఉంటే ఆ పూట గోల తప్పదని ముందే అనుకోవచ్చు.

తొలిరోజు పాఠం వద్దు

గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా 1930 దశకం ఆరంభంలో రాసిన ‘దివాస్వప్న’లో కొత్తగా చేరిన ఉపాధ్యాయుడు తొలిరోజునే పిల్లల చేత నిశ్శబ్ద క్రీడ ఆడించబోయి భంగపడతాడు. మరునాడు కథ మొదలుపెడతాడు. తరగతి దానంతటదే సద్దుమణుగుతుంది. తొంభై ఏళ్లు గడిచినా ఈ పుస్తకం శిక్షణ కళాశాలల్లో చదవదగినదిగానే ఉంది.

తొలిరోజు కథతోపాటు చేయవలసిన ముఖ్యమైన పని పేర్లు నేర్చుకోవడం. ‘ఏయ్, ఎర్రచొక్కా’ అని పిలిపించుకున్న పిల్లవాడికీ, పేరుతో పిలిపించుకున్న పిల్లవాడికీ తేడా ఉంటుంది. మూడు రోజుల్లో అందరి పేర్లూ నోటికి రావాలి. ఆ తరువాత రోజువారీ పనులకు పద్ధతి నేర్పాలి. మంచినీళ్లకు ఎలా వెళ్లాలి, మరుగుదొడ్డికి ఎవరిని అడగాలి, పుస్తకాలు ఎక్కడ పెట్టాలి, మధ్యాహ్న భోజనానికి పళ్లేలతో వరుస ఎలా కట్టాలి, చేతులు ఎక్కడ కడుక్కోవాలి అన్నవి చెప్పి వదిలేస్తే సరిపోదు. పాఠం నేర్పినట్లే ఒకటికి నాలుగుసార్లు చేయించి చూపాలి. ఈ పక్షం రోజుల్లో పాఠ్యాంశాలు కొంత వెనుకబడినా ఆందోళన అక్కరలేదు. ఏడాది పొడవునా రోజుకు పావుగంట మిగులుతుంది.

నియమాలు నాలుగైదుకు మించకూడదు. అవి కూడా ‘పరుగెత్తకూడదు, అరవకూడదు’ అని కాక, ఏం చేయాలో చెప్పేవిగా ఉంటే చిన్నపిల్లలకు బోధపడతాయి.

అమెరికా మనోవిజ్ఞానవేత్త జాకబ్ కూనిన్ తరగతులను చిత్రీకరించి పరిశీలించి 1970లో ఒక గ్రంథం వెలువరించారు. అల్లరి జరిగిన తరువాత ఎలా మందలించారన్న విషయంలో సమర్థులైన ఉపాధ్యాయులకూ ఇతరులకూ చెప్పుకోదగ్గ తేడా ఆయనకు కనిపించలేదు. తేడా అంతా అంతకుముందే ఉంది. గదిలో ప్రతి మూలా ఏం జరుగుతోందో వారికి తెలుసు, తెలుసన్న సంగతి పిల్లలకూ తెలుసు. ఒక పని నుంచి మరో పనికి మారేటప్పుడు వ్యవధి వృథా కానివ్వరు. నల్లబల్ల వైపు తిరిగి పది నిమిషాలు రాస్తూ నిలబడే అలవాటు ఉన్నవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. రాయవలసింది బడి మొదలుకాక ముందే రాసి ఉంచుకోవచ్చు.

ప్రశ్న వేశాక ఆగడం మరొక మెళకువ. మేరీ బడ్ రోవ్ అనే పరిశోధకురాలు 1970 దశకంలో లెక్కగట్టినప్పుడు ఉపాధ్యాయులు జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే వేచి చూస్తున్నట్లు తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచినచోట జవాబులు పొడవయ్యాయి, ఎన్నడూ నోరు విప్పనివారు మాట్లాడారు, మందలింపుల అవసరమూ తగ్గింది.

బెత్తం.. గోడకుర్చీ.. చట్టం

విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. ఉల్లంఘించినవారిపై సర్వీసు నిబంధనల మేరకు క్రమశిక్షణ చర్యలు ఉంటాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకు చాలా ముందే, 2002లోనే ఈ మేరకు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. బెత్తం ఒక్కటే దండన అనుకోవడం పొరపాటు. గుంజీళ్లు, గోడకుర్చీ, ఎండలో మోకాళ్లపై నిలబెట్టడం, తొడపాశం కూడా దండనలే. కులం పేరుతోనో, తండ్రి వృత్తి పేరుతోనో ఎత్తిపొడవడం వేధింపే. ‘నాలుగు తగిలించండి సార్, అప్పుడే దారికొస్తాడు’ అని తల్లిదండ్రులే చెప్పినా చట్టం దృష్టిలో అది అనుమతి కాదు.

మాట్లాడినవారి పేర్లను లీడరు చేత బోర్డుపై రాయించే పాత అలవాటు ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. దానివల్ల నిశ్శబ్దం వస్తుంది గానీ, తోటి పిల్లల మధ్య పగలు కూడా వస్తాయి. పెద్దవారు చేయవలసిన పనిని పదేళ్ల పిల్లవాడి చేతికి ఇవ్వడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

అల్లరి చేస్తున్న పిల్లవాడి పక్కకు వెళ్లి నిలబడటం, మెల్లగా పేరు పెట్టి పిలవడం చాలాసార్లు సరిపోతుంది. అందరి ముందూ నిలదీస్తే వాడు పరువు కోసం ఎదురు చెబుతాడు. అదే మాట విరామంలో ఒంటరిగా అడిగితే కారణం బయటపడుతుంది. ఆ కారణం కొన్నిసార్లు ఎంతో చిన్నది. వెనుక వరుస నుంచి బోర్డు కనిపించకపోవడం, చెవి సరిగా వినిపించకపోవడం, ఉదయం ఏమీ తినకుండా రావడం వంటివి. అందుకే నెలకోసారి అయినా కూర్చునే చోట్లు మార్చాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో, తండాల్లో పనిచేసేవారు ఇంకొకటి గమనించాలి. పిల్లవాడు పలకకపోవడం మొండితనం కాకపోవచ్చు, తెలుగు అర్థం కాకపోవచ్చు. కోయ, సవర, లంబాడీ సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధనకు ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో శ్రీకారం చుట్టింది ఈ కారణంగానే. ఆ భాషలో పది మాటలు నేర్చుకున్న ఉపాధ్యాయుని పని తేలికవుతుంది.

తల్లిదండ్రులను ఫిర్యాదు చేయడానికే పిలిపించడం కూడా మానుకోవాలి. జూన్‌లో ఒక సాయంత్రం వీధిలో నడిచి వచ్చి, ‘మీ అమ్మాయి లెక్కలు బాగా చేస్తోందమ్మా’ అని చెప్పి వస్తే, ఆగస్టులో చెప్పవలసిన కష్టమైన మాటను ఆ తల్లి సావధానంగా వింటుంది.

మదనపల్లె ప్రాంతంలో బడులు తెరిచేనాటికి టమాటా కోతలు సాగుతూనే ఉంటాయి. కూలికి వెళ్లే తల్లుల వెంట వెళ్లినవారు, వలస నుంచి ఇంకా తిరిగిరానివారు తొలి పక్షంలో హాజరుపట్టీలో గైర్హాజరుగానే ఉంటారు. వారు ఆలస్యంగా అడుగుపెట్టేసరికి నీళ్లకు వెళ్లే పద్ధతి, పుస్తకాలు పెట్టే చోటు, జట్టు పేరు అన్నీ అందరికీ తెలిసి ఉంటాయి, వారికి తప్ప. ‘ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావు’ అని గద్దించే బదులు ‘రా నాయనా, నీ చోటు ఇక్కడ’ అని చాప చూపి, పద్ధతి తెలిసిన తోటివాడిని రెండు రోజులు తోడు ఉంచితే, మూడో రోజు కూడా ఆ పిల్లవాడు బడికి వస్తాడు.