వేరుశనగ పొట్టుతో పాలిమర్ పలకలు: మైక్రోవేవ్ వేడిలో తేమ పాత్ర

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల ఎర్ర నేలల్లో వర్షాధారంగా పండే ప్రధాన పంట వేరుశనగ. కాయ బరువులో దాదాపు నాలుగో వంతు పొట్టే. మిల్లుల వద్ద మిగిలే ఈ పొట్టు ఇంధనంగా కాలిపోతున్నది. సెల్యులోజ్, లిగ్నిన్ గల ఈ పొట్టును పొడి చేసి ఎపాక్సీ వంటి రెజిన్‌లో పూరకంగా కలిపి పలకలు, అచ్చు వస్తువులు తయారుచేయవచ్చు. అయితే ఈ పొడి పొడవైన నార వలె బలాన్ని ఇవ్వదు. ప్రధానంగా రెజిన్ వాడకాన్ని తగ్గిస్తుంది.

రెజిన్ ఉష్ణవాహకత తక్కువ. అందువలన సాధారణ ఓవెన్‌లో వేడి పైపొర నుండి లోపలికి నెమ్మదిగా చేరుతుంది. 2.45 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌లు రెజిన్, గట్టిపరచే ద్రవ్యాలలోని ధ్రువ అణువులను కదిలించి పదార్థం లోపలే వేడిని పుట్టిస్తాయి. కనుక గట్టిపడే కాలం తగ్గుతుంది. కాని ఆ రసాయన చర్య కూడా వేడిని విడుదల చేస్తుంది. మందపాటి దిమ్మెలలో ఈ రెండు వేడులూ కలిసి నడిభాగాన్ని మాడ్చివేయగలవు.

పూరకాలన్నీ ఒకే తీరున ప్రవర్తించవు. సిలికా మైక్రోవేవ్‌లను దాదాపు పీల్చుకొనదు. కార్బన్ బ్లాక్ బాగా పీల్చుకొంటుంది. పొట్టు పొడి విషయంలో నిర్ణాయకం అందులోని తేమ. 100 గ్రాముల పొడిలో 5 శాతం తేమ ఉంటే, ఆ 5 గ్రాముల నీరు ఆవిరిగా మారినప్పుడు 8 లీటర్లకు పైగా వ్యాపిస్తుంది. ఆ ఆవిరి బయటికి పోకముందే రెజిన్ గట్టిపడితే పలకలో బుడగలు నిలిచి బలం తగ్గుతుంది.

ప్రయోగాలు చేసే విద్యార్థులు ఈ అంశాలు పాటించవలెను:

• ఎండబెట్టిన పొడిని 105 డిగ్రీల సెల్సియస్ వద్ద బరువు స్థిరపడేవరకు ఆరబెట్టి, గాలి చొరని సంచులలో నిల్వచేయాలి.

• లోహపు అచ్చులకు బదులు గాజు, సిలికోన్ లేదా టెఫ్లాన్ అచ్చులు వాడాలి.

• మైక్రోవేవ్ శక్తిని దఫదఫాలుగా ఇవ్వాలి.

• ఆహారం వేడిచేసే ఓవెన్‌ను ఇందుకు వాడరాదు. ఆవిర్లు బయటికి పోయే ఏర్పాటు ఉండాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. రైతు కాయలనే అమ్మినప్పుడు పొట్టు మిల్లు వద్దే మిగులుతుంది. కాబట్టి దానికి గిరాకీ పెరిగినా ఆ ఆదాయం రైతుకు నేరుగా చేరదు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు కాయలు వలిచే యంత్రాలను సొంతంగా నడిపినప్పుడే ఆ విలువ పల్లెలో నిలుస్తుంది. అప్పుడు కూడా ఆరబెట్టడానికి, పొడి చేయడానికి, రవాణాకు అయ్యే ఖర్చును ఇంధనంగా అమ్మితే వచ్చే ధరతో పోల్చి చూచిన తరువాతనే సిఫార్సు చేయడం సమంజసం.