గుస్సాడీ తలమీది నెమలి

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని రాజ్‌గోండుల గూడేల్లో దీపావళి వేళ జరిగే దండారి పండుగకు గుస్సాడీ వేషమే ప్రాణం. ఒంటికి బూడిద పూసుకొని, భుజాన మేకతోలో జింకతోలో వేసుకొని, మెడలో గవ్వల దండలు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర ధరించే ఈ నర్తకుణ్ని దూరం నుంచే గుర్తుపట్టించేది అతని తలమీది కిరీటం. మల్‌బూర అని పిలిచే ఈ కిరీటాన్ని వందలాది నెమలి ఈకలతో, మొదళ్లు కింద బిగుసుకొని కన్నులున్న కొసలు పైన విచ్చుకునేలా పేర్చి కడతారు. అడుగున రంగు గుడ్డలు, అద్దపు బిళ్లలు అమర్చి, ఇరుపక్కలా జింక కొమ్ములో పొట్టేలు కొమ్ములో నిలుపుతారు. నర్తకుడు తల ఊపినప్పుడల్లా ఈకల కన్నులన్నీ ఒక్కసారిగా కదులుతాయి.

గోండులకు ఇది పూజావస్తువు. ఏత్మాసూర్ అనే దైవం ఇందులో కొలువుంటాడని వారి నమ్మకం కనుక, పండుగ ఆరంభంలో గుమేల, పెప్రె, తుడుం వంటి వాద్యాలతోపాటు కిరీటాలకు పూజ చేశాకే వాటిని తలకెత్తుకుంటారు. గోదావరి ఒడ్డున గుడిరేవులో వెలసిన పద్మల్‌పురి కాకో అనే దేవతను దర్శించుకోవడం కూడా దండారి ఆచారాల్లో ఒకటి. దీక్షలో ఉన్నన్నాళ్లూ గుస్సాడీ స్నానం చేయడు. బృందంతో కలిసి ఊరూరా అతిథిగా తిరిగి, అమావాస్య గడిచాక కొలబోడి పూజతో దీక్ష విరమిస్తాడు. ఆ రాకపోకల్లోనే పెళ్లి సంబంధాల మాటలూ కుదురుతాయి.

మృగాన్ని తలకెత్తుకొని ఆడే ఆచారం పశ్చిమాఫ్రికాలోనూ ఉంది. మాలి దేశపు బమానా రైతులు, నేల తవ్వి పంట పండించే విద్యను తమ పూర్వికులకు నేర్పినది సగం మనిషి, సగం జంతువు అయిన చి వారా అని నమ్మి, దాని రూపాన్ని కొయ్యలో చెక్కుతారు. పొడవాటి కొమ్ములున్న దుప్పి వంటి జంతువునూ, నేలను తవ్వే ఆర్డ్‌వార్క్ అనే చీమలు తినే జంతువునూ, పొలుసుల అలుగునూ ఒకే బొమ్మలో కలిపే ఈ శిల్పులు సాధారణంగా కమ్మరి కులస్థులు. ఆ బొమ్మను అల్లిన టోపీకి బిగించి, నార దుస్తుల్లో దేహం దాచుకొని, కర్రలు పట్టుకొని మగవారు జంటగా నర్తిస్తారు. జంటలో ఆడమృగం వీపున పిల్ల ఉంటుంది. పొలంలో పనిచేసేవారికి ఆ నాట్యం ప్రశంస, ప్రోత్సాహం.

రెంటికీ తేడా పదార్థంలోనే ఉంది. బమానా శిల్పి మృగాన్ని కొయ్యలో కొత్తగా సృష్టిస్తాడు. గోండు కళాకారుడు మృగపక్షుల ఈకలనూ కొమ్ములనూ తెచ్చి నరుడి తలమీద కూర్చుతాడు. కొయ్య నిలిచేది కనుక చి వారా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వరకూ చేరి, నాట్యం లేకుండానే శిల్పంగా పేరు పొందింది. ఈకకు పురుగు పడుతుంది, కన్ను రాలుతుంది. అందువల్ల మల్‌బూర ఏటేటా మరమ్మతు కోరుతూ, చేసే చేతులనూ ఆడే కాళ్లనూ విడవకుండా గూడెంలోనే ఉండిపోయింది. కళాచరిత్రకారులు కొయ్యకిచ్చిన గౌరవంలో పావువంతైనా ఈకకు ఇవ్వకపోవడం న్యాయం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నెమలిని చంపడాన్ని నేరంగా పరిగణిస్తుంది కనుక, ఇప్పుడు కిరీటానికి ఆధారం పక్షి తనంతట రాల్చిన ఈకే.

గుస్సాడీ నాట్యాన్ని గూడెం దాటించినవారిలో ముఖ్యుడు జైనూరు మండలం మర్లవాయి వాసి కనకరాజు. ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్నప్పుడు ఢిల్లీ గణతంత్ర వేడుకల్లో బృందాన్ని ఆడించిన ఆయనకు 2021లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు.

హైదరాబాద్ వాసులకు మాసాబ్‌ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియం అందుబాటులోనే ఉంది. అయితే అద్దాల వెనుక వస్తువును చూసి తృప్తిపడక, దీపావళికి ముందు ఉట్నూరు, జైనూరు వైపు వెళ్లి, గూడెం పెద్దల అనుమతితో, కిరీటాన్ని తాకకుండా గుస్సాడీని చూడడం మేలు.